చోటు మారితే చెప్పాలి

మా తమ్ముడికి ఉన్నది ఒక్కటే చాదస్తం. మనిషైనా వస్తువైనా చోటు మారితే చెప్పి తీరాలి. హాల్లోంచి లేచి పెరట్లోకి వెళ్తే "పెరట్లో ఉన్నాను" అని కేకేస్తాడు. ఎవరడిగారు? ఒకసారి బస్సులో కిటికీ పక్కకు జరిగానని ఇంటికి ఫోను చేశాడు. ఆసుపత్రిలో ఈ బెంచీ మీంచి ఆ బెంచీ మీదికి మారి, ఆ సంగతి నర్సమ్మకు చెప్పి వచ్చాడు. ఆవిడ పాపం నాడి పట్టుకుని చూసింది.

నా వంటింట్లో నేను ఉప్పు డబ్బా జరిపినా తప్పే. "జరిపితే జరిపావక్కా, ఒక్క మాట చెప్పకూడదూ" అంటాడు, డబ్బాను ఎవరో ఎత్తుకుపోయినట్టు. మరదలు మొహం తిప్పుకుని నవ్వుతుంది. ఇరవయ్యేళ్లు కాపురం చేసినావిడ, ఆ మాత్రం నవ్వొద్దా.

మా పెద్దక్కకు చిన్నతనంలోనే చెవులు పోయాయి. ఇప్పుడు వేరే ఊళ్లో కూతురి దగ్గర ఉంటుంది. ఆవిడకు ఫోను దండగ. అందుకని కంప్యూటర్లు బాగుచేసే మా తమ్ముడు నా వంటింట్లో ఒక కెమెరా, తెర బిగించాడు. అక్క దగ్గరా అలాంటివే పెట్టాడు. మధ్యాహ్నం అక్క మీట నొక్కితే ఒకరికొకరం కనిపిస్తాం. చేతులతో కబుర్లు. నేను ఉల్లిపాయ తరిగే తీరు చూసి రోజూ వేళ్లతో తిడుతుంది. ఆ తిట్లు పడకపోతే నాకు పూట గడవదు.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మా ఇంటి ఇంటర్నెట్టుకు కొత్త నంబరు ఇస్తారట. ఉన్న నంబరుకు ఏం రోగమో! నంబరు మారితే అక్క తెరకు మా ఇల్లు దొరకదు. దానికి మావాడు మా ఇంటికి ఒక పేరు పెట్టి, ఆ పేరుకు ఇవాళ్టి నంబరేదో గుర్తుపెట్టుకునే సర్వరు ఒకటి తన షాపులో పెట్టాడు. నంబరు మారగానే మా ఇంట్లో ఉన్న చిన్న పెట్టె సర్వరుకు కబురు చెబుతుంది. అక్క తెర సర్వరును అడిగి తెలుసుకుంటుంది. చూశారా, పెట్టెకు కూడా తన బుద్ధే నేర్పాడు.

మొన్న కరెంటు పోయి వచ్చింది. అక్క కనిపించలేదు. మర్నాడూ అంతే. నాకేదో అయిందని అక్క బెంగపెట్టుకుందని కూతురు ఫోను చేసింది. నేను బాగానే ఉన్నానని కూతురు రాసి చూపిస్తే అక్క నమ్మలేదట. కళ్లతో చూస్తేగానీ అన్నం ముట్టనందట. ఇక నేనూరుకుంటానా.

"బస్సులో సీటు మారితే ఊరందరికీ చెప్పేవాడివి, నీ పెట్టెకు నోరు పడిపోయిందిట్రా?" అని దులిపేశాను.

వాడు తిండి మాని పెట్టె ముందు కూర్చున్నాడు. సాయంత్రానికి అక్క తెర మీద ప్రత్యక్షమైంది. ఏమైందని అడిగితే "చిన్న సర్దుబాటక్కా" అని ఊరుకున్నాడు.

అసలు సంగతి మరదలు చెప్పింది. ఆలస్యమన్న మాట వినపడకూడదని నా ఇంట్లో గడియారాలన్నీ పావుగంట ముందు నడుస్తాయి. పెట్టె మొహం మీది గడియారం వెనకబడి ఉందని ఆ వారమే వాడిని కసిరి ముందుకు జరిపించాను. సర్వరుకేమో కబురు పంపిన టైము కూడా సరిపోవాలట. తేడా వస్తే ఎవడో దొంగ తెచ్చిన కబురనుకుని తలుపేసుకుంటుందట. నా ఇంటి టైమును అనుమానించడానికి అదెవరు?

వెళ్లి పెట్టె చూశాను. మొహం మీద నా టైమే ఉంది.

"మరి ఏం బాగుచేశావురా?"

"పైన నీ టైమక్కా. లోపల లోకం టైము. అది నీ జోలికి రాదులే."

నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఒళ్లు మండింది. వాడికి ఈ చాదస్తం ఎలా పట్టుకుందో నాకు తెలియదా? చెవులు పోయిన కొత్తలో, వెనక్కి తిరిగితే గదిలో ఎవరూ లేరని అక్క హడలిపోయేది. అడుగుల చప్పుడు వినపడదు కదా. వీడు అప్పుడు ఇంతవాడు. గది దాటేముందు అక్క భుజం తట్టి, ఎటు వెళ్తున్నాడో వేలితో చూపించి వెళ్లేవాడు. తల నెరిసింది, ఇంకా పోవద్దూ ఆ అలవాటు?

మర్నాడు మధ్యాహ్నం అక్క చేత తిట్లు తింటూ ఉల్లిపాయలు తరిగాను. ఉప్పు డబ్బా తీసి పై అరలో పెట్టాను. తెరలోంచి అక్క కనుబొమ్మలెగరేసి నా వెనక తలుపులోంచి పెరట్లో కనిపిస్తున్న తమ్ముడి వైపు వేలు చూపించింది. ఆవిడ కూడా వాడి పక్షమే.

"ఒరేయ్, ఉప్పు డబ్బా పై అరలో ఉంది" అని కేకేశాను.

"సరే అక్కా. నేను పెరట్లో ఉన్నాను."

"ఎవరడిగారు?" అన్నాను.