జపాన్ ఇంటికి సకినాల సారె

జపాన్‌లో ముసలివాళ్లను చూసుకునే పని నేర్చుకోవడానికి వెళ్తున్నాను. మొదట కొన్నాళ్లు అక్కడి ఒక కుటుంబంతో వాళ్లింట్లోనే ఉండాలన్నారు. వట్టి చేతులతో పోకూడదు కదా. కరీంనగర్ వెండి తీగల డబ్బీ కొందామని నేను, బియ్యప్పిండి సకినాలే పెట్టాలని అమ్మ. ఆడపిల్ల కొత్త ఇంటికి పోతే సకినాల సారె పోవాల్సిందే. ఆ ఇల్లు అత్తగారిదా కాదా అన్న పట్టింపు ఆమెకు లేదు.

"కొన్నది ఎవలైనా ఇస్తరు బిడ్డా. చేతితోని చుట్టింది ఇయ్యాలె" అంది.

సరే అన్నాను. నిజానికి నా దిగులు కానుక గురించి కాదు. నేను పోయాక బాపు చేతికి అమ్మ ఒంటరిగా దొరుకుతుంది.

బాపుది బొగ్గుబాయిలో పని. అమ్మ సకినాలు చేస్తున్న రోజు మొదటి షిఫ్టు దిగి, గోదావరిఖని చౌరస్తాలో తాగి క్వార్టర్‌కు వచ్చాడు. పొయ్యి మీద నూనె కాగుతోంది. వేయించిన సకినాలు చాటలో ఉన్నాయి.

"పెండ్లే చెయ్యలె, గప్పుడే సారె పెడుతున్నవా? ఎవనింటికి తోలుతున్నవే దాన్ని?"

"గట్లనకు. పని నేర్సుకునేతందుకు పోతుంది పిల్ల" అంది అమ్మ.

ఎదురు జవాబు చెప్పింది, అంతే చాలు ఆయనకు. చాటను కాలితో తన్నాడు. అమ్మ జుట్టు పట్టి తలను గోడకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. అమ్మ అరవలేదు. పక్క క్వార్టర్ వాళ్లు వింటారని ఆమె ఎప్పుడూ అరవదు. నాకు ఒళ్లు మండిపోయింది. కాగే నూనెలోంచి ఇనుప గరిటె తీసి బాపు ముంజేతి మీద బలం కొద్దీ కొట్టాను. తోలు ఊడొచ్చింది. ఆయన మాత్రం కాలనీ అంతా వినేలా అరిచాడు. అబద్ధమెందుకు, ఆ అరుపు నాకు హాయిగా ఉండింది.

అమ్మ నెత్తుటి మీద పసుపు అద్దుకుని, విరగని సకినాలు ఏరి డబ్బాలో సర్దింది.

నేను అక్కడికి చేరాక జపాన్ ఇంటి పెద్దావిడ ఒక సకినం తిని, చేసినామెను చూడాలని వీడియో ఫోన్ కలపమంది. తెర మీద అమ్మ కనిపించిందో లేదో, బాపు ముందుకు దూరి నవ్వుతూ చేతులు జోడించాడు. ఆ చేతికి ఏమైందని పెద్దావిడ అడిగింది. బాపుకు తెలుగులో చెప్పాను.

"బాయిల కాలిందని చెప్పు" అన్నాడు.

"అమ్మను కొడుతుంటే నేనే కాల్చాను" అన్నాను, నాకొచ్చిన జపనీస్‌లో. పెద్దావిడ నవ్వు ఆగిపోయింది. బాపు మీది నుంచి చూపు తిప్పి, ఇప్పుడూ కొడుతున్నాడేమో మీ అమ్మను అడుగు, అంది.

బాపు వింటుండగానే అమ్మను అడిగాను.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసేసింది.

"కొడుతుండు బిడ్డా. నిన్న గూడ కొట్టిండు. ఆమెకు చెప్పు."