పైడమ్మ విన్న పాకం

అది 1927. నర్సీపట్నం ఆసుపత్రిలో నేను కాంపౌండరుగా ఉన్నాను. పెంకుల కప్పు, ముందు పొడుగాటి వరండా, లోపల చిన్న వార్డు. వరండాలో నిలబడితే పడమటి కొండలు కనిపించేవి. వానలు వెనకబట్టాక ఆ కొండల మీది మబ్బు పొద్దెక్కినా కదిలేది కాదు. ఊరంతా నిద్ర చాలనట్టు ఉండేది. జ్వరాల కాలం అదే. చలిజ్వరానికి మా దగ్గరున్న మందు క్వినైన్ మిక్స్‌చర్. సీసాకి మెట్లుమెట్లుగా కత్తిరించిన కాగితం అంటించి ఇచ్చేవాళ్లం. ఒక్కో మెట్టు ఒక్కో డోసు. ఆ చేదు పూటంతా నాలుకని వదిలేది కాదు.

ఆ రోజుల్లోనే అప్పలనాయుణ్ణి బలిఘట్టం నుంచి బండి మీద తీసుకొచ్చారు. ఎన్ని దుప్పట్లు కప్పినా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. పక్కన భార్య పైడమ్మ. డాక్టరు గారు డొక్క నొక్కి చూసి, "స్ప్లీన్ బాగా పెరిగింది" అన్నారు. జనం దాన్నే కడుపులో బల్ల అంటారు. చలిజ్వరం తిరగబెడుతున్నకొద్దీ అది ఎడమ పక్క రాయిలా గట్టిపడుతుంది.

అతను బెల్లం వండే మనిషి. చుట్టుపక్కల ఏ రైతు చెరకు గానుగ కట్టినా పెనం దగ్గర అతను ఉండాల్సిందే.

జ్వరం దిగిన రోజున అతన్ని చూడాలి. వరండాలో ఎండకి వీపు పెట్టి, పైడమ్మ రాగిపిండితో కాచి తెచ్చిన చోడి అంబలి ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగేవాడు. "అంబలి ఇంత రుసిగా ఉంటాదని ఇన్నాళ్లూ తెల్లేదు బాబూ" అనేవాడు. పిచ్చుకలు ఇసకలో పొర్లుతుంటే చూస్తూ తనలో తను నవ్వుకునేవాడు. అలా తేరుకుని సీసా పట్టుకుని ఇంటికి వెళ్లేవాడు. కొన్నాళ్లకి మళ్లీ అదే బండి, అవే దుప్పట్లు. మళ్లీ తేరుకున్నాడు, మళ్లీ పడ్డాడు. అంబలి తాగినప్పటి ఆ నవ్వు గుర్తొచ్చి, బండి చప్పుడు వింటేనే నాకు ఉసూరుమనేది.

"మందు సరిగా తాగుతున్నావా?" అని డాక్టరు గారు గట్టిగా అడిగితే తల ఊపాడు. ఆయన లోపలికి వెళ్లాక నేను మంచం పక్కన కూర్చున్నాను.

"నిజం చెప్పు నాయుడూ."

"కాస్త తేరుకోగానే ఒగ్గేస్తన్నాను బాబూ. అది తాగితే సెవుల్లో గానుగ తిరిగినట్టుంటాది. ఏటీ ఇనబడదు. రసం మరిగినప్పుడు గలగలమంటాది. పాకం ముదిరితే బుడగ బరువెక్కి గుబగుబమంటాది. ఆ సప్పుడు మారినప్పుడే దించాల. ఆవిర్లో కన్ను మోసం సేస్తాది. సెవి లేకపోతే నానేటి వండుతాను?"

అతను చెప్పింది నిజమే. క్వినైన్ ఎక్కువైతే చెవుల్లో హోరు పుట్టి వినికిడి మందగిస్తుంది. దాన్ని సింకోనిజం అంటారు. మందు ఆపాక మామూలుగా తగ్గిపోతుంది. కానీ ఇతను జ్వరం పూర్తిగా పోకముందే ఆపేస్తున్నాడు.

అంతలో తుపాను పట్టుకుంది. గాలికి ఆసుపత్రి పెంకులు లేచిపోయాయి. మంచాలు ఒక మూలకి జరిపి, కారే చోటల్లా గిన్నెలు పెట్టాం. వాన తెరిపిచ్చాక బలిఘట్టం నుంచి కబురొచ్చింది. చెరకు తోటలన్నీ నేలకొరిగాయి. పడిన చెరకుని వెంటనే ఆడించకపోతే రసం పులుస్తుంది, బెల్లం గట్టిపడదు. ఏడాది కష్టం నీళ్లపాలు.

అప్పలనాయుడు దుప్పటి తోసేసి లేచాడు. గోడ పట్టుకుని తలుపు వైపు నడిచాడు.

"వెళ్తే వెళ్లు. కానీ మందు మానితే ఈసారి నిన్ను బతికించడం నా వల్ల కాదు" అన్నారు డాక్టరు గారు.

"తాగితే ఇనబడదు కదండీ!"

అప్పటిదాకా గోడవార కూర్చున్న పైడమ్మ లేచింది. "నాను ఇంటాను" అంది.

"నీకేటి తెలుసు?"

"ఇన్నేళ్లూ పొయ్యిలో పిప్పి ఎగేసింది ఎవులు? నువ్వు దించమనీసరికే మంట తగ్గించీసింది ఎవులు? నాకూ ఉన్నాయి సెవులు. నువ్వు మందు తాగు మావా."

అతను ఆమె వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత చెయ్యి చాపాడు. గ్లాసులో పోసి ఇస్తే కళ్లు మూసుకుని తాగేశాడు.

నాలుగైదు రోజుల తర్వాత మందు సీసా పట్టుకుని సైకిల్ మీద బలిఘట్టం వెళ్లాను. సన్నగా ముసురు. వరాహ నది ఒండ్రు నీళ్లతో ఒడ్లు ఒరుసుకుంటోంది. గానుగ పాక ఆనవాలు కనిపించకముందే తీపి వాసన ఎదురొచ్చింది. లోపల ఆవిరి, పొగ కలిసిపోయి మనుషులు నీడల్లా తిరుగుతున్నారు. అప్పలనాయుడు దుప్పటి కప్పుకుని పెనం ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. పైడమ్మ పెనం వైపు చెవి ఒగ్గి నిలబడింది. చెరకు రైతులు ఊపిరి బిగబట్టి ఆమెనే చూస్తున్నారు.

అతను దించమని చెయ్యెత్తాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఉండు, ఇంకా గలగలే." అతనికి మాట వినబడలేదు, ముఖం చూసి ఆగాడు. పెనంలో పసుపు నురగ పొంగి అణుగుతోంది. నాకు అన్ని చప్పుళ్లూ ఒకేలా ఉన్నాయి. ఆమె చటుక్కున అతని భుజం తట్టింది. మనుషులు కర్రలు దూర్చి పెనం ఎత్తి పాకం ఒంపారు.

అది చల్లారేదాకా రైతులు చుట్టూ మూగి నిలబడ్డారు. అప్పలనాయుడు వేలితో నొక్కి చూశాడు. తుపాను చెరకు కదా, రంగు నలుపు తిరిగింది, కానీ గట్టిగా కట్టింది. ముక్క విరిచి నోట్లో వేసుకుని, "నాకంతా సేదే బాబూ. మీరు తిని సెప్పండి" అంటూ నాకో ముక్క ఇచ్చాడు. వెచ్చగా ఉంది. అలాంటి బెల్లం మళ్లీ తినలేదు. తియ్యగా ఉందని చేతులతో సైగ చేస్తే, పైడమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ తర్వాత అతనికి ఇంకోసారి జ్వరం వచ్చింది. ఆ రోజు పైడమ్మే దగ్గరుండి పెనం దింపించింది. అతను మందు మాత్రం మానలేదు. ఎండలు ముదిరేసరికి బల్ల కరిగింది, చెవుల హోరూ పోయింది.

సీసా అందిస్తూ, "ఇది తాగితే నీకేం పోతుంది?" అని రోగిని అడగడం నేను ఆ సంవత్సరమే నేర్చుకున్నాను. పోయేదేమిటో చెప్పుకోగలిగితే మనిషి మందు తాగుతాడు. పక్కనున్న మనిషిని కూడా అదే అడుగుతాను. చాలాసార్లు దారి వాళ్ల దగ్గరే దొరికింది.