మిణుగురుకు సరిపోయే పని

బడిపిల్లల యూనిఫాంలు కుట్టే ఆవిడని అందరూ కొలతలక్క అంటారు. మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూసి, టేపు తియ్యకుండానే భుజం ఇంత, నడుము ఇంత అని చెప్పేస్తుంది మరి! అలాంటి మనిషి యాభై దాటాక ఫోన్లో భూతాల పోట్లాట ఆడటం మొదలుపెట్టేసరికి పక్క మిషన్ల ఆడవాళ్ళు మూతులు విరిచారు. విరిస్తే విరిచారు, వాళ్ళకేం తెలుసు? ఆ ఫోన్ ఆవిడ కూతురిది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, రక్తం జబ్బుతో ఎనిమిది నెలలు ఆస్పత్రి మంచం మీద ఉండి, కిందటేడు పోయింది.

ఆ మంచం మీదే పిల్ల ఒక భూతాన్ని గుడ్డు దగ్గర్నుంచి పెంచి, మిణుగురు అని పేరు పెట్టుకుంది. దాన్ని జట్టులో పెట్టి పట్టణం పోటీ గెలవాలని ఒకటే ఆశ.

"అది ఆడకుండా గెలిస్తే అదీ ఓ గెలుపేనా అమ్మా?" అనేది.

కాకి పిల్ల కాకికి ముద్దు. పిల్ల దానికి కొట్టడమే నేర్పింది. అదేమో ఎవరిని కొట్టినా దోమ కుట్టినట్టే ఉండేది.

కూతురు పోయాక కొలతలక్క ఆ ఆటని గుడ్డ చూసినట్టే చూసింది. ఒక్కో భూతానికి ఆరేసి అంకెలు. ప్రాణం, రక్షణ మెండుగా ఉంటే ముందు నిలబడి దెబ్బలు కాయాలి. దాడి, వేగం ఉంటే దూకి కొట్టాలి. అంకెలొక్కటే చాలవు, దానికి ఏ విద్యలు వచ్చో, వెనక ఎవరున్నారో కూడా చూడాలి. మీటరు గుడ్డలో కోటు రాదు కదా! మిణుగురుకు ప్రాణం గుప్పెడు, దాడి అంతంతమాత్రం, వేగం మాత్రం అందరికంటే ఎక్కువ. పైగా పుట్టుకతోనే అరుదైన విద్య ఒకటి వచ్చు, ప్రాణదానం. తను పడిపోయి, తన వెనక వచ్చేదాన్ని నిండు ప్రాణంతో నిలబెడుతుంది. వేగం ఉంది కనక ఎదుటివాడు కొట్టేలోపే ఆ పని చేసేయగలదు.

అంటే దాని కొలతకు సరిపోయే పని ఒక్కటే, చావడం. అది తెలిసిన రోజు కొలతలక్క అన్నం ముట్టలేదు.

పిల్ల ఆశపడ్డ పట్టణం పోటీకి తనే దిగి, మిణుగురును జట్టులో పేరుకి ఉంచి, మిగతా అయిదింటితోనే నెట్టుకొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, కంప్యూటర్ల కొట్లో ఫైనల్. ఎదురుగా పోస్టాఫీసు గుమస్తా. చూస్తుండగానే గుమస్తావి అయిదు, ఆవిడవి నాలుగు పడిపోయాయి. ఆవిడకి కొన ఊపిరితో రాతిఎద్దు, ఇంకా బరిలోకి దిగని మిణుగురు మిగిలాయి. ఇక దింపక తప్పలేదు. నొక్కడానికి ముప్పై సెకన్లు.

"అక్కా, టైమైపోతోంది! నొక్కక్కా!" అని కొట్టాయన గోల.

వేలు కదిలితేగా! ఎనిమిది నెలల పాటు ఆవిడ డాక్టర్లనీ దేవుణ్ణీ అడిగింది ఒక్కటే, నన్ను తీసుకుపోయి దాన్ని లేపండి అని. అలాంటి విద్య ఆవిడకి ఎవరూ నేర్పలేదు. ఇప్పుడేమో పిల్ల పెంచుకున్నదాన్ని తన చేత్తోనే చంపాలా?

"నీ కోసమేనే తల్లీ," అని గొణుక్కుని నొక్కింది.

మిణుగురు ఒక్కసారి భగ్గుమని వెలిగి ఆరిపోయింది. రాతిఎద్దు నిండు ప్రాణంతో వచ్చి, రెండు దెబ్బల్లో ఆట ముగించింది. కొట్టంతా చప్పట్లు.

"భలే వాడారమ్మా దాన్ని!" అన్నాడు గుమస్తా, ఓడిన బాధ కూడా మరిచిపోయి.

ఆవిడ కళ్ళు ఫోన్ మీదే ఉన్నాయి. ఆట అయిపోగానే పడినవన్నీ మళ్ళీ వరుసగా లేచి నిలబడ్డాయి. లేస్తాయని తెలియక కాదు, మిగతావి లేవడం వందసార్లు చూసింది. వరుస చివర మిణుగురు, నిండు ప్రాణంతో, ఏమీ జరగనట్టు గెంతుతోంది.

కొలతలక్క బల్ల మీద తల వాల్చి భోరుమంది.

"అయ్యో, గెలిచావు కదక్కా! ఏడుస్తావేంటి?" అన్నాడు కొట్టాయన కంగారుగా.

"లేచిందయ్యా," అంది ఫోన్ అతని ముందుకు జరిపి. "చూడు, ఇది లేచింది."