సవతులు తోలేసిన ఆవులు

సౌదీలోని యాన్బులో, ఆసుపత్రి క్వార్టర్స్‌లో నా పక్క మంచం ఒక దక్షిణాఫ్రికా నర్సుది. వచ్చిన కొత్తలో, నేను చేపల పులుసు పెడుతుంటే, తన మొగుడికి ఇద్దరు పెళ్ళాలనీ, తాను పెద్దదాన్ననీ మామూలుగా చెప్పేసింది. గరిటె పులుసులోనే వదిలేసి ఆమె వైపు తిరిగాను. పాస్టరుగారి ప్రసంగాల్లో తప్ప అలాంటి కాపురం గురించి నేను వినలేదు.

అయ్యో పాపం అనబోతే ఆమె నన్నే జాలిగా చూసింది. వాళ్ళ కట్టుబాటు ప్రకారం ఒక్కో పెళ్ళానిది ఒక్కో ఇల్లట. ఆ ఇంటి ఆవులు, చేను ఆమెకీ ఆమె పిల్లలకేనట. ఆమెను అడక్కుండా మొగుడు ఒక ఇంటి ఆవును ఇంకో ఇంటికి తోలకూడదట. తన జీతంతో కొన్నవన్నీ పెద్దింటివేనని చెప్పి, మరి మీ ఇంట్లో నీవంటూ ఏమున్నాయి అని అడిగింది.

ఆ సాయంత్రం మా ఆయనకి ఫోన్ చేశాను.

"ఏవండీ, మన గేదెలు ఎవరివండీ?"

"మనవే కదే. ఎవరన్నా అడిగారా?"

"మనవంటే మీవా, నావా?"

అక్కడ ఎండలు బాగా ముదిరాయా అని ఆయన అడిగారు.

రంజాన్ సెలవుల ముందు ఆమెకు సవతి నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. మొగుడు మూడో పెళ్ళికి సిద్ధమవుతున్నాడు. వాళ్ళలో పెళ్ళికొడుకే పిల్ల తరఫువాళ్ళకి ఆవులు ఇచ్చుకోవాలి. చిన్నింట్లో ఇవ్వదగ్గవి లేవు. సౌదీలో ఉన్నదానికి ఏం తెలుస్తుందిలే అని పెద్దింటి కొట్టం మీద కన్నేశాడు.

నేనైతే మొగుడికి ఫోన్ చేసి క్వార్టర్స్ అంతా వినేలా అరిచేదాన్ని. ఆమె సవతికి చేసింది. ఇద్దరూ వాళ్ళ భాషలో చాలాసేపు గుసగుసలాడుకుని, చివరికి పడీ పడీ నవ్వారు. మర్నాడే చిన్నావిడ పెద్దింటి ఆవులన్నిటినీ పెద్దావిడ తమ్ముడి ఊరికి తోలేసింది.

పిల్ల తరఫువాళ్ళు ఆవుల్ని చూసుకోడానికి వచ్చారు. పెళ్ళికొడుకు కొత్త టోపీ పెట్టుకుని వాళ్ళని దర్జాగా కొట్టం దగ్గరికి తీసుకెళ్ళాడు. అందులో కోళ్ళు తిరుగుతున్నాయి. చిన్నావిడ అందరికీ టీలిచ్చి, ఆ కోళ్ళు తనవని వినయంగా చెప్పిందట.

కాసేపటికి యాన్బులో ఫోన్ మోగింది. అవతల నుంచి ఆమె మొగుడి కేకలు నాకూ వినిపించాయి. ఆమె నెమ్మదిగా ఒక్క మాట అని పెట్టేసింది. ఏమన్నావని అడిగాను.

"నీ ఆవులు ఎక్కడున్నాయో నాకు తెలీదు, నావి మేస్తున్నాయి అన్నాను."

అతను ఊరి పెద్దల దగ్గర పంచాయితీ పెట్టాడు. పెద్దింటి ఆవుల్ని పెద్దావిడ మాట లేకుండా ముట్టుకోకూడదని వాళ్ళు తేల్చేశారు. సంబంధం తప్పిపోయింది.

సెలవుకి వెళ్ళినప్పుడు ఆమె ఆ పెద్దల ఎదుటే ఒక పెయ్యను చిన్నింటికి ఇచ్చింది. ఇకమీదట దాన్ని ముట్టుకోవాలంటే మొగుడు చిన్నావిడనే అడగాలి. తోలుకెళ్ళే పని మాత్రం అతనికే అప్పగించారు. తిరిగొచ్చాక ఆ వీడియో నాకు చూపించింది. పెయ్య మొండికేసింది. అతను తాడు పట్టి లాగుతున్నాడు. వెనక సవతులిద్దరూ భుజాల మీద చేతులేసుకుని, తీరిగ్గా నడిచొస్తున్నారు.