నేను నమ్మిన ఫోను

మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సులో నేను కండక్టరును. పొద్దున ఏడున్నరకు బయలుదేరితే పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి పదకొండు దాటుతుంది. మా అబ్బాయికి కుప్పంలో ఇంజనీరింగు సీటు వచ్చినప్పుడు ఇంట్లో అందరికంటే ఎక్కువ సంతోషపడింది నేనే. వారంలో నాలుగు రోజులు వాడుండే ఊరికే పోయి వస్తాను, ఇంకేం కావాలి అనుకున్నాను. వాళ్లమ్మ కట్టిచ్చిన క్యారియరు కుప్పం బస్టాండులో వాడి చేతికిచ్చేవాణ్ణి. వాడు సంగటి ముద్ద చల్లారిందని గొణుగుతూనే తీసుకునేవాడు.

రెండో ఏడాదిలో రెండు సబ్జెక్టులు తప్పి, ఆ సంగతి మూడు నెలలు మా దగ్గర దాచాడు. తెలిసిన రోజు అదే బస్టాండులో, స్నేహితులు చూస్తుండగా వాడి చెంప మీద కొట్టాను. మరుసటి రోజు నుంచి క్యారియరుకు రావడం మానేశాడు. హాస్టల్లోనే తింటున్నానని వాళ్లమ్మతో చెప్పాడట. తర్వాత తప్పిన సబ్జెక్టులు రాసి పాసయ్యాడు. అది కూడా వాళ్లమ్మ చెబితేనే నాకు తెలిసింది.

ఫోను వచ్చేనాటికి వాడు మూడో ఏడాదిలో ఉన్నాడు. ఆ పొద్దు బస్సు పుంగనూరు దాటి పెద్దపంజాణి వైపు పోతోంది. పనులకు పోయే ఆడవాళ్లతో, కాలేజీ పిల్లలతో నిండుగా ఉంది. నేను వెనక సీట్ల దగ్గర టికెట్లు కొడుతున్నాను. జేబులో ఫోను మోగింది. తెలియని నంబరు.

"కుప్పంలో ఇంజనీరింగ్ చదివే అబ్బాయి తండ్రివేనా?" అన్నాడు ఒక మగమనిషి. మా వాడి పేరు, కాలేజీ పేరు కూడా చెప్పాడు.

"అవును సార్. ఎవురు మాట్లాడేది?"

"పోలీస్ స్టేషన్ నుంచి ఎస్సైని. ఎక్కడున్నావ్?"

"డ్యూటీలో ఉండాను సార్. బస్సులో."

"పక్కన ఎవరైనా ఉంటే దూరంగా జరుగు. నీ కొడుకు, ఇంకో ముగ్గురు కలిసి ఒక అమ్మాయిని పాడుచేశారు. ఆ పిల్ల ఆస్పత్రిలో ఉంది. నలుగురినీ ఇక్కడే కూర్చోబెట్టాం. ఫోన్ కట్ చేశావో, నేరుగా కేసు రాసేస్తా. సాయంత్రానికి నీ కొడుకు మొహం టీవీలో చూసుకుంటావ్."

నిండిన బస్సులో దూరంగా జరిగే చోటెక్కడుంది? పైన కమ్మీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఫోనులో వెనక నుంచి వైర్‌లెస్ సెట్టు గరగరమనే శబ్దం, ఎవరినో తిడుతున్న కేకలు వినిపిస్తున్నాయి.

"ఇదిగో, నీ కొడుకుతో మాట్లాడు" అన్నాడు.

ఏడుపు వినబడింది. వెక్కిళ్లు పెడుతూ, మాట సరిగా రాక, "డాడీ, నన్ను కొడుతున్నారు డాడీ, ఏదో ఒకటి చెయ్యి డాడీ" అంది ఆ గొంతు. అంతే, మళ్లీ ఆ మనిషి అందుకున్నాడు.

అది మా వాడి గొంతేనా అన్న అనుమానం ఆ క్షణాన నాకు రాలేదు. ఇప్పుడు ఎన్నిసార్లు తలుచుకున్నా ఎందుకు రాలేదో చెప్పలేను. ఏడుస్తున్న పిల్లవాడి గొంతు ఏ తండ్రికైనా తన కొడుకు గొంతులాగే వినిపిస్తుందేమో.

నా ముందున్న సీట్లో పుంగనూరులో ఎక్కిన ఒక సాయిబు కూర్చుని ఉన్నాడు. టైలరు. వారానికొకసారి పలమనేరు పోతుంటాడు కాబట్టి ముఖపరిచయం. నా ముఖం చూసి, "ఏమైందన్నా?" అన్నాడు. నేను ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి నాలుగు ముక్కల్లో చెప్పాను.

"అరె అల్లా, అది దొంగ ఫోనన్నా! మా బావమరిదికి గూడా ఇట్లే వచ్చింది. కట్ చేసెయ్. మీ వాని నంబరు చెప్పు, నా ఫోన్లో చేస్తా."

నంబరు చెప్పాను. ఆయన చేశాడు. చెవి దగ్గర పెట్టుకుని విని, ఫోను నా చెవికి ఆనించాడు. స్విచాఫ్.

ఇంక నాకు ఏ అనుమానమూ మిగల్లేదు. "అయినా గానీ అన్నా, కట్ చెయ్" అని ఆయన మళ్లీ అంటుంటే, "నీ బిడ్డ గాదు గదా, నీకేం తెలుస్తుంది!" అని కసిరాను. ఆయన తల దించుకుని కిటికీ వైపు తిరిగాడు.

ఆ తర్వాత అరగంట నేను ఏం చేశానో ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఒక చెవికి ఫోను, మెడలో టికెట్ల మిషను, భుజానికి సంచి. బస్సు ఆగిన ప్రతిచోటా ఎక్కినవాళ్లకు టికెట్టు కొడుతూనే ఉన్నాను. ఒక అవ్వ పలమనేరని అడిగితే ఎక్కడికో కొట్టిచ్చాను. ఫోనులో అతను అరుస్తాడు, మళ్లీ మెత్తగా మాట్లాడతాడు. "నాకూ పిల్లలున్నారు, నీ బాధ నాకు తెలుసు, మీ వాడొక్కడి పేరు తీసేస్తా, పైవాళ్లకు సర్దుబాటు చేయాలి" అన్నాడు. నా ఖాతాలో ఉన్నదంతా అతను చెప్పిన నంబరుకు పంపించాను. ఫోనులో డబ్బు పంపడం మా అబ్బాయే నాకు నేర్పించాడు.

అది చాలదన్నాడు. లేదన్నాను.

"నీ సంచిలో ఉంటాయిగా" అన్నాడు.

అది సర్కారు సొమ్ము. ఇన్నేళ్ల సర్వీసులో దాంట్లోంచి టీకి కూడా తీసుకున్నవాణ్ణి కాదు. అయినా పలమనేరు బస్టాండులో బస్సు ఆగగానే సంచితో సహా దిగి, డబ్బు పంపించే అంగడి ఏదని వెతుక్కుంటూ నడిచాను. ఆ మనిషి "ఎడమ చేతికి చూడు, అక్కడ లేకపోతే ముందుకు పో" అని చెబుతున్నాడు. నేను అతను చెప్పినట్టే తిరుగుతున్నాను.

నా చెయ్యి ఎవరో గట్టిగా పట్టుకున్నారు. మా డ్రైవరు. టైలరు సాయిబు దిగిపోతూ ఆయనకు సంగతంతా చెప్పాడట. ఆయన నా చేతిలో ఫోను లాక్కుని, "ఎవుర్రా నువ్వు? యా స్టేషను? నీ పేరు సెప్పు. బస్సేసుకోని నేరుగా ఆడికే వస్తాండాము" అన్నాడు. అవతలి నుంచి బూతులు వినబడ్డాయి. లైను తెగిపోయింది.

"సూసినావా? పోలీసోడైతే రమ్మంటాడు గానీ పారిపోతాడా?" అన్నాడు డ్రైవరు.

నాకు ధైర్యం రాలేదు. "యాల కట్ చేసినావప్పా, వాణ్ణి ఇంకా కొడతారు" అని బస్టాండులో, అందరి ముందూ ఏడ్చాను. తిరిగి చేస్తే ఆ నంబరు కలవలేదు. మా వాడి ఫోను స్విచాఫే. స్నేహితుల నంబర్లు నా దగ్గర ఒక్కటీ లేవు. భార్యకు చేస్తే ఏమని చెప్పాలి? బస్సు వదిలి వేరే బండిలో పోదామంటే, "బండి మనదే ముందు పోతాది, ఎక్కు" అన్నాడు డ్రైవరు. ఎక్కాను. పలమనేరు నుంచి కుప్పం దాకా ఆయన ఎంత వేగంగా తోలాడో తెలుసు, కానీ ఆ దారి తరగలేదు. ఎక్కేవాళ్లు ఎక్కుతున్నారు, నేను టికెట్లు కొడుతున్నాను.

కుప్పంలో దిగగానే ఆటో ఎక్కి పోలీస్ స్టేషనుకు పోనిమ్మన్నాను. కాలేజీకి కాదు. ఆ రోజు నేను చేసిన వాటన్నిటిలో ఇది నాకు ఎక్కువగా గుచ్చుకుంటుంది.

స్టేషనులో బల్ల దగ్గర కూర్చున్న కానిస్టేబులమ్మ ఏదో రాసుకుంటోంది. నేను చేతులు జోడించి చెప్పిందంతా విని, "ఈడ ఎవుర్నీ పట్టుకోని రాలేదు. అట్లాంటి కేసే లేదు. ఈ నెల్లో ఇట్లా వచ్చింది మీరు మూడోవాళ్లు. ఫస్టు కాలేజీకి పోయి బిడ్డను సూసుకోండి, మళ్లీ వచ్చి కంప్లైంటు ఇద్దురు" అంది. తాగమని నీళ్ల బాటిలు ఇచ్చింది.

కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి కబురు పంపాడు. కాసేపటికి మా అబ్బాయి వచ్చాడు. చొక్కా జేబులో పెన్ను, చంకలో రికార్డు బుక్కు. ల్యాబ్ పరీక్షలట. ఫోను ఆపేసి బ్యాగులో పెట్టాడట.

"ఏంది నాయనా, ఈడికొచ్చినావు? అమ్మకు బాగుండాదా?" అన్నాడు.

నేను వాణ్ణి పట్టుకుని ఒళ్లంతా తడిమి చూశాను. దెబ్బలున్నాయేమోనని.

ఎవరో పోలీసులమని మోసం చేశారని, వాణ్ణి పట్టుకున్నామన్నారని మాత్రం చెప్పాను. దేనికి పట్టుకున్నామన్నారో చెప్పలేదు. వాడు నన్ను ఒక్క మాట కూడా తప్పు పట్టలేదు. వెంటనే సైబర్ ఫిర్యాదుల నంబరుకు చేశాడు, బ్యాంకుకు చేశాడు, ఆటో పిలిచి మళ్లీ స్టేషనుకు తీసుకుపోయాడు. కానిస్టేబులమ్మ ఫోను రికార్డు ఏమైనా ఉందా అని అడిగింది. లేదన్నాను.

"ఉంటాది మేడం" అన్నాడు మా వాడు. నా ఫోను అంతకుముందు వాడు వాడుకున్నదే. వచ్చిన ప్రతి ఫోనూ దానంతటదే రికార్డయ్యేటట్టు పెట్టుకున్నాడట. నాకు తెలియదు.

వరండాలో బెంచీ మీద కూర్చుని వాడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినసాగాడు. నేను పక్కనే ఉన్నాను. అందులో ఆ మనిషి అన్న మాటలు గుర్తున్నాయి. నేనేమన్నానో అప్పుడే గుర్తొచ్చింది. "తెలీక చేసినాడు సార్, మన్నించండి సార్" అన్నాను. "వాడు ముందు నుంచీ చెప్పిన మాట వినడు సార్, మాకు తెలీకుండా అన్నీ దాస్తాడు, ఈ ఒక్కసారికి వదిలేయండి సార్" అన్నాను. నా బిడ్డ అలాంటివాడు కాదని ఒక్కసారి, ఆ అరగంటలో ఒక్కసారి కూడా అనలేదు.

ఫోను లాక్కుందామని చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాను. లాక్కుని ఏం చేయను? వాడు చివరిదాకా విన్నాడు. ముఖంలో ఏమీ కనిపించనివ్వలేదు. ఇయర్‌ఫోన్ల వైరు వేలికి చుట్టుకుంటూ, "నేనెప్పుడన్నా నిన్ను డాడీ అన్నానా నాయనా?" అన్నాడు.



తర్వాత లేచి వెళ్లి, రికార్డును కానిస్టేబులమ్మ చెప్పినచోటికి పంపించాడు. ఆమె ముందుగదిలో దాన్ని స్పీకరులో పెట్టి వింది. నా గొంతు స్టేషనంతా వినబడింది. వాడు గోడ మీది నోటీసులు చదువుతూ నిలబడ్డాడు.

పోయిన డబ్బు రాలేదు. రెండుసార్లు పిలిచి సంతకాలు పెట్టించుకున్నారు, ఎవరూ దొరకలేదన్నారు. పుంగనూరు టైలరు మళ్లీ బస్సెక్కినప్పుడు క్షమించమన్నాను. "బిడ్డ బాగుండాడు కదన్నా, చాలు" అన్నాడాయన.

మా అబ్బాయితో మాత్రం ఆ సంగతి ఎత్తడానికి నాకు రెండు నెలలు పట్టింది. సెలవులకు మదనపల్లె వచ్చాడు. వాళ్లమ్మ గుడికి పోయింది. మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నాడు. నేను పైకెక్కి, "రేయ్, ఆ పొద్దు నేను ఫోన్లో అన్న మాటలు..." అని మొదలుపెట్టాను.

"పోనీలే నాయనా. భయపడినావు" అన్నాడు, నా వైపు తిరగకుండానే.

అరిచినా బాగుండేది. నాలుగు మాటలు అడిగినా, తిట్టినా, ఏదో ఒక జవాబు చెప్పుకునేవాణ్ణి. వాడు తడి చొక్కా దులిపి తీగ మీద వేసి, క్లిప్పు పెట్టి, బకెట్టులోంచి ఇంకొకటి తీసుకున్నాడు. నేను కిందికి దిగి వచ్చేశాను.