చచ్చిన కేన్సర్ కోసం ఏడ్చాను

నేను విశాఖలో బయోమెడికల్ పీహెచ్‌డీలో చేరిన తొలి వేసవి అది. పరిశోధన కోసం కేన్సర్ కణాలను సీసాల్లో పెంచుతున్నాను. వాటికి వేళకి ఆహారం అందించాలని ఆదివారాలు కూడా ల్యాబ్‌కి వెళ్లేదాన్ని. ఒకరోజు చూస్తే అన్ని సీసాల్లోనూ బూజు. వేసవి కష్టమంతా పారబోసి, గోపాలపట్నం బస్సెక్కి స్నేహితురాలికి ఫోన్ చేశాను.

“అన్నీ చచ్చిపోయాయే! నిన్నటిదాకా ఎంత బాగున్నాయో!” అంటూ ఏడ్చేశాను.

ఫోన్ పెట్టగానే, పక్క సీట్లో తలకు స్కార్ఫు కట్టుకున్న ఒకావిడ నా భుజం తట్టింది. “ఏటి సచ్చిపోనాయమ్మా? కోళ్లా?”

“కాదు ఆంటీ, కేన్సర్ కణాలు.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “కేన్సరు సచ్చిపోతే ఏడుత్తన్నావేటి?”

బస్సులో సగం మంది మావైపు తిరిగారు. కంగారులో, “మళ్లీ మొదట్నుంచి పెంచాలి ఆంటీ” అనేశాను.

“పెంచుతావా! మతి గాని పోనాదేటి నీకు?”

ఏ మందుకి చస్తాయో తెలియాలంటే ముందు వాటిని పెంచాలని, తల దించుకునే చెప్పాను. ఆసుపత్రి స్టాప్ రాగానే ఆవిడ ఒళ్లో ఉన్న స్కానింగ్ కవరు పట్టుకుని లేచింది. స్కార్ఫు సర్దుకుంటుంటే చూశాను, లోపల జుట్టు లేదు.

“అయితే బాగా పెంచమ్మా” అంది దిగబోతూ. “పెంచి, ఒకటీ మిగల్కుండా సంపియ్.”

ఆ తర్వాత కూడా నా సీసాలు చాలాసార్లు పాడయ్యాయి. మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు. వెంటనే కొత్త సీసా మొదలుపెడుతున్నాను.

– ఒక పాఠకురాలు, గోపాలపట్నం