అమ్మమ్మ రైఫిలు, పది తూటాలు

మా అమ్మమ్మ దగ్గర ఒక తుపాకీ ఉండేదన్న సంగతి నా చిన్నప్పుడు నేను బళ్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఎవరూ నమ్మేవాళ్లు కాదు. నేతచీర కట్టుకుని, పప్పన్నంలో నెయ్యి వేసుకుని తినే అరవై ఎనిమిదేళ్ల ఆవిడకి జింకల వేట రైఫిలు ఉందంటే ఎవరు నమ్ముతారు?

మేము అమెరికాలో, ఫ్రిస్కో అనే ఊళ్లో ఉండేవాళ్లం. అక్కణ్ణుంచి తూర్పుగా మూడు గంటలు డ్రైవ్ చేస్తే, పైన్ చెట్ల మధ్య ఒక చిన్న ఊళ్లో మా అమ్మమ్మ ఇల్లు. ఆవిడా, మా తాతయ్యా ఆ ఊరి ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్లు పనిచేశారు. తాతయ్య గుండె డాక్టరు. అమ్మమ్మ పాథాలజిస్టు, అంటే రోగి ముఖం చూడకుండా, రోగి ఒంట్లోంచి తీసిన ముక్కని చూసి జబ్బేమిటో చెప్పే డాక్టరు. తాతయ్య ఏటా నవంబరులో ఆస్పత్రి స్నేహితులతో జింకల వేటకి వెళ్లేవారట. ఆ రైఫిలు ఆయనదే. మా అమ్మ చంటిపిల్లగా ఉన్నప్పుడు కొన్నది. సెమీ ఆటోమేటిక్ రకం. ఒకసారి పేలగానే ఖాళీ తొడుగుని తనే బయటికి విసిరేసి, తర్వాతి తూటాని తనే లోపలికి తీసుకుంటుంది. ట్రిగ్గర్ మాత్రం ప్రతిసారీ మనమే నొక్కాలి.

తాతయ్య పోయాక కూడా అమ్మమ్మ ఇంటి చుట్టూ ఉన్న పన్నెండెకరాలు వదలలేదు. ఇంటి వెనక వేరుశనగ, గోంగూర, వంగ వేసుకునేది. అడవి పందులు వచ్చి ఒక్క రాత్రిలో మడులన్నీ దున్నిపోసేవి. అందుకని ఆ వయసులో వేట లైసెన్సు క్లాసులో కుర్రాళ్ల పక్కన కూర్చుని, కాల్చడం నేర్చుకుంది. కొట్టిన పందిని పొరుగాయనకి ఇచ్చేసి, తలస్నానం చేసి వంటింట్లోకి వెళ్లేది.

నాకు పన్నెండేళ్లొచ్చిన సంవత్సరం, వసంతకాలంలో ఒక సాయంత్రం ఒక పెద్ద మగపంది తోటలోకి వచ్చింది. అమ్మమ్మ ఒకటి కాల్చింది, గురి తప్పింది. రెండోది పేలలేదు. మొదటి తూటా ఖాళీ తొడుగు బయటికి రాకుండా లోపలే అతుక్కుపోయింది. పంది ఇటు తిరిగి ఉరికింది. ఆవిడ పికప్ ట్రక్కు వెనక తొట్టిలోకి ఎక్కి, చీకటిపడేదాకా అక్కడే నిలబడిందట. ఈ సంగతి ఫోన్లో మాకు జోక్‌లా చెప్పింది. మేము నవ్వాం. మా మామయ్య నవ్వలేదు.

బళ్లకి సెలవులివ్వగానే మామయ్య మా అమ్మనీ నన్నూ కార్లో ఎక్కించుకుని అమ్మమ్మ దగ్గరికి వెళ్లాడు. మర్నాడు పొద్దున్నే రైఫిలుని ఆ ఊళ్లో తుపాకులు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, రెండుసార్లు కాల్చి చూశాడు. రెండోసారికే ఇరుక్కుంది. ఈ మోడల్‌వన్నీ చివరికి ఇలాగే అవుతాయనీ, స్పేర్ పార్టులు ఎప్పుడో ఆగిపోయాయనీ, జ్ఞాపకంగా గోడకి తగిలించుకోమనీ మర్యాదగానే చెప్పాడు.

తిరిగొచ్చాక వంటింట్లో మామయ్య గట్టిగానే మాట్లాడాడు. "అమ్మా, ఇంక చాలు. స్థలం అమ్మేద్దాం. ఫ్రిస్కో వచ్చేయ్. ఆ పంది నీ మీద పడుంటే మాకు ఫోన్ చేసేవాళ్లు కూడా లేరిక్కడ."

మామయ్య మాటలో న్యాయం ఉందని అమ్మమ్మకీ తెలుసు. ఇలా అంది: "నాకు మూడు వారాలు టైమియ్యిరా. ఆ పెద్దాయన ముందే పది తూటాలు కాలుస్తాను. ఒక్కటి ఇరుక్కున్నా నీ మాట వింటాను. పెట్టె సర్దుకుని నీ కార్లో కూర్చుంటాను."

మామయ్య సరేనన్నాడు. ఆయనకీ అమ్మకీ సోమవారం ఆఫీసు. నన్ను అమ్మమ్మకి తోడుగా వదిలి వెళ్లారు.

ఆవిడ దగ్గర తుపాకీకి ఒక పద్ధతి ఉండేది. ఇనపబీరువాలోంచి తీయగానే, తూటాలు నింపే మ్యాగజైన్ ఊడదీసి, లోపల ఖాళీయా అని కళ్లతో చూసేది, మళ్లీ చిటికెనవేలు పెట్టి చూసేది, తర్వాత నన్ను చూడమనేది. పదిసార్లు తీస్తే పదిసార్లూ అంతే. తూటాలు వేరే గదిలో, వేరే తాళంలో. నేను తాకాలంటే ముందు అడగాలి.

మొదటివారం భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి, పుస్తకం చూసుకుంటూ ఒక్కొక్క భాగం విప్పింది. తాతయ్య ఏటా నూనె దట్టంగా పట్టించి దాచేవారట. అదంతా ఎండి బంక కట్టింది. తూటా పేలినప్పుడు పుట్టే వాయువు కొంత వెనక్కి మళ్లి తుపాకీని నడిపించే దారిలో మసి గట్టిపడి పెచ్చులుగా ఉంది. గీకాం, కడిగాం, తుడిచాం. గొట్టంలోంచి చూస్తే అద్దంలా మెరిసింది. ఇంటి వెనకున్న ఎత్తయిన మట్టికట్ట దగ్గరికి వెళ్లాం. మోత తగలకుండా చెవులకి మఫ్‌లు పెట్టుకుని నేను వెనక నిలబడ్డాను. ఒకటి, రెండు పేలాయి. మూడోది ఇరుక్కుంది.

నాకు ఏడుపొచ్చింది. ఓడిపోయామా అని అడిగాను. ఆవిడ తుపాకీని ఖాళీ చేసి, భద్రంగా పక్కన పెట్టి, గడ్డిలో వంగి ఏదో వెతకడం మొదలుపెట్టింది. ఇరుక్కున్నదాన్ని కడ్డీతో తోసి తీసి జేబులో వేసుకుంది, ఇప్పుడు ఎగిరిపడ్డ రెండు ఖాళీ తొడుగులు కావాలి. ఎండ మాడిపోతోంది. ఎందుకూ పనికిరాని ఇత్తడి ముక్కల కోసం అరగంట వెతికించిందని నేను లోపల్లోపల విసుక్కున్నాను.

ఇంటికొచ్చాక అంది: "వారం రోజులనించి తుపాకీనే చూస్తున్నాం. అది ఏం చేసి పంపిందో అది చూడలేదు."

ఆవిడ దగ్గర ఆస్పత్రివాళ్లు రిటైర్మెంట్‌కి ఇచ్చిన పాత మైక్రోస్కోప్ ఒకటి ఉంది. అంతకుముందు కాల్చినవి దాచిన పాత డబ్బాలోంచి ఇంకో నాలుగు తొడుగులు తీసింది. మొత్తం ఏడు. ఏది ఇరుక్కున్నదో ఏది బయటికొచ్చిందో చెప్పకుండా కలిపేసి నా ముందు పెట్టింది. "నాకు కారణం చెప్పద్దు. కనిపించింది బొమ్మ వెయ్యి. ఎంత టైమైనా తీసుకో" అని, వంకాయలు తరుక్కోవడానికి వెళ్లిపోయింది.

నేను రెండు రోజులు బొమ్మలు వేశాను. మొదట అన్నీ ఒకేలా కనిపించాయి. ఇత్తడి, గీతలు, మసి. నాలుగోది వేస్తుంటే అడుగంచు మీద చిన్న గాటు కనబడింది. తొడుగుని బయటికి లాగే కొక్కెం పట్టిన గుర్తు అది. మూడింటికి ఆ గాటు లోతుగా, అంచు చిరిగినట్టుంది. ఆ మూడే ఇరుక్కున్నవై ఉంటాయనుకున్నాను. అంటే కొక్కెం గట్టిగానే లాగింది, తొడుగే వదల్లేదు. అయితే ఏదో దాన్ని పట్టుకుని ఉండాలి కదా అని తొడుగు పక్కల్ని మళ్లీ చూశాను. తొడుగు సన్నబడే మెడకి కొంచెం కింద, చెమటకాయల్లాంటి చిన్న బుడిపెలు. ఇంకోటి చూశాను, దానికీ ఉన్నాయి. ఏడింటికీ ఉన్నాయి! అంతేకాదు, ఏ తొడుగు తీసుకున్నా కొక్కెం గాటుకి సరిగ్గా ఎదురుగా, అదే చోట, అదే ఆకారంలో. ఎడమ చివర మూడు, కుడివైపు ఒక తోక.

వంటింట్లోకి పరుగెత్తాను. నాకొచ్చిన తెలుగు ఆ సంగతి చెప్పడానికి చాల్లేదు. సగం ఇంగ్లీషులో, సగం చేతులతో చెప్పాను. ఆవిడ స్టౌ ఆపేసి, చెయ్యి తుడుచుకుని వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏడు తొడుగులూ వరసగా చూసింది, నా బొమ్మలు పక్కన పెట్టుకుని మళ్లీ చూసింది. తర్వాత కళ్లద్దాలు తీసి నా వైపు చూసింది.

"తూటాల తప్పు కాదు. తూటా కూర్చునే అర గోడకి ఏదో పేరుకుని గట్టిపడింది, దాంట్లో ఒకచోట గుంటలున్నాయి. పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి ఆ గుంటల్లోకి దిగబడుతోంది. పట్టేశావే తల్లీ!"

ఆవిడకి ముందే అనుమానం ఉందో లేదో ఈనాటికీ నాకు తెలియదు. అడిగితే నవ్వేసేది.

తాతయ్య ముప్ఫై ఏళ్లూ గొట్టాన్ని ముందునించి బ్రష్‌తో తోమేవారు. కానీ తూటా కూర్చునే అర గొట్టం కంటే వెడల్పు. గొట్టానికి సరిపోయే బ్రష్ అందులో గోడలకి తగలకుండానే తిరిగొచ్చేది. అంటే తుపాకీలో అన్నిటికంటే ముఖ్యమైన ఆ రెండంగుళాల చోటు ఎప్పుడూ శుభ్రం కాలేదు. అయ్యో, తాతయ్య ఇన్నేళ్లు తప్పు చేశారా అన్నాను. "తప్పేముంది? కనిపించినంత మేరా చక్కగా చేశారు" అంది అమ్మమ్మ.

పెద్దాయనకి ఫోన్ చేసింది. ఆ అర కొలతకి సరిపడే, మెడ వంగిన బ్రష్ ఉందా అని అడిగింది. ఉందనీ, పదేళ్లలో దాన్ని అడిగినవాళ్లు లేరనీ అన్నాడట. ఆ మధ్యాహ్నమే వెళ్లి తెచ్చుకున్నాం.

మసీ తుప్పూ కరిగించే మందు పూసి నానబెట్టడం, తోమడం, తెల్లగుడ్డతో తుడవడం. మొదటిరోజు గుడ్డ నల్లగా వచ్చింది. రెండోరోజు తుప్పురంగులో వచ్చింది. ఐదోరోజుకి గుడ్డ గుడ్డలాగే వచ్చింది. చివర్లో నేను నూనె సీసా అందించబోతే ఆపింది. తూటా కూర్చునే చోట మాత్రం నూనె చుక్క కూడా మిగలకూడదట, పొడిగా ఉండాలట. మట్టికట్ట దగ్గర ముందే కాల్చి చూద్దామని నేను బతిమాలాను. రెండు తూటాలు కాల్చింది. రెండూ బయటికొచ్చాయి. పందెం పదికి కదా, అక్కడితో నాకు ధైర్యం రాలేదు.

చెప్పిన శనివారం పొద్దున్నే మామయ్య, అమ్మ వచ్చారు. మామయ్య కారు వెనక ఖాళీ అట్టపెట్టెలు మడతపెట్టి ఉన్నాయి. అమ్మమ్మ వాటిని చూసి కూడా చూడనట్టు, ఇడ్లీలు తిన్నారా అని అడిగింది.

పెద్దాయన షాపు వెనక కాల్చే చోటు ఉంది. అమ్మమ్మ చీరకొంగు బిగించి దోపుకుని బెంచీ ముందు కూర్చుంది. మ్యాగజైన్‌లో నాలుగే పడతాయి. మొదటి నాలుగూ టకటకా ఎగిరిపడ్డాయి. పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మళ్లీ నింపింది. ఐదు. ఆరు. ఏడు. ఎనిమిదోదాని దగ్గర ఆగిపోయింది. ఆగి, తుపాకీని బెంచీ మీద ఉంచి, వెనక్కి జరిగింది. మామయ్య ఒకడుగు ముందుకేశాడు. నేను కళ్లు మూసుకున్నాను. అమ్మమ్మ కళ్లద్దాలు తీసి, చెమట తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. అంతే!

ఎనిమిది. మ్యాగజైన్ మార్చింది. తొమ్మిది. పదో తొడుగు ఎండలో తళుక్కుమని తిరుగుతూ వచ్చి సిమెంటు నేల మీద టింగుమంది. నేను మఫ్‌లు లాగేసి ఎగిరి గంతులేశాను. అమ్మ నన్ను పట్టుకుని తనూ గెంతింది. పెద్దాయన నెత్తిమీది టోపీ తీశాడు. బెంచీ దగ్గరికెళ్లి, తొడుగులు ఏరి, అరచేతిలో దొర్లించి చూసి, "డాక్టర్, దీన్ని నేను చచ్చిపోయిందన్నాను. ఏం చేశారు?" అన్నాడు.

అమ్మమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "నన్నడక్కండి. చూసింది ఈ పిల్ల."

నలభై ఏళ్లుగా తుపాకులు బాగుచేస్తున్న మనిషి నా ఎత్తుకి వంగి, ఏం చూశావో చెప్పమన్నాడు. సంచీలోంచి నా బొమ్మలు తీసి చూపించాను. గాటు ఎక్కడ, బుడిపెలు ఎక్కడ, అవి ఎందుకు ఎదురెదురుగా ఉన్నాయో అంతా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అయ్యాక ఒక బొమ్మ తనకివ్వమని అడిగి, షాపులో కౌంటరు వెనక గోడకి అంటించాడు. మామయ్య అమ్మమ్మ దగ్గరికొచ్చి, "సరేనమ్మా, నువ్వు గెలిచావు" అన్నాడు. ఓడినందుకు ఆయన ముఖంలో అంత సంతోషం ఎందుకుందో నాకప్పుడు అర్థం కాలేదు.

ఆ అక్టోబరులో ఆ పెద్ద మగపంది మళ్లీ వచ్చింది. ఈసారి తిరిగి వెళ్లలేదు. అమ్మమ్మ ఆ స్థలంలో ఇంకో తొమ్మిదేళ్లు గోంగూర పండించింది. ప్రతిసారీ కాల్చిన సాయంత్రమే, మెడ వంగిన బ్రష్‌తో మొదలుపెట్టి, తుపాకీని శుభ్రం చేశాకే అన్నం తినేది.

నేనిప్పుడు షాంటిలీ అనే ఇంకో ఊళ్లో ఉంటున్నాను. ఆఫీసులో నా కింద పదిమంది. మా అక్క పిల్లలు నన్ను పెద్దమనిషి కింద లెక్కేసి సలహాలు అడుగుతుంటారు. తుపాకీల గురించి నాకు తెలిసింది ఆ వేసవిలో నేర్చుకున్నంతే. కానీ ఆ రోజు వంటింట్లోకి వగర్చుకుంటూ పరుగెత్తిన పిల్లని చూసి, ఉడుకుతున్న కూర ఆపి, కుర్చీ లాక్కుని కూర్చున్న మనిషిని నేను మర్చిపోలేదు. పోయిన నెల, కొత్తగా చేరిన ఒకమ్మాయి మీటింగులో లేచి, రిపోర్టులో ఏదో తేడాగా ఉంది, ఏమిటో చెప్పడం రావట్లేదు అంది. ఎవరో నవ్వారు. నేను మీటింగ్ ఆపించి, ఆ అమ్మాయి పక్కకి వెళ్లి కూర్చుని, నీకు కనిపించింది నాకూ చూపించు అన్నాను. గంట పట్టింది. ఆ అమ్మాయి చెప్పింది నిజమే.